శ్రోతల మధ్య నుంచి పట్టిన వెదర్ రిపోర్ట్ కచేరీ క్యాసెట్లు: శ్రుతి సరిచేయడం, శబ్దం శుభ్రం చేయడం గురించి సలహా కావాలి

ప్రశ్న

నమస్కారం. నాకు పరిచయమున్న ఒక పెద్దాయన చాలా ఏళ్లుగా దాచుకున్న రెండు సి-90 క్యాసెట్లను డిజిటైజ్ చేసిపెట్టమని నాకు అప్పగించారు. వాటిలో ఉన్నది వెదర్ రిపోర్ట్ అనే అమెరికన్ ఫ్యూజన్ (జాజ్‌ను రాక్ వంటి సంగీతంతో కలిపిన శైలి) బృందం కచేరీ. ఒక అభిమాని హాల్లో తన సీట్లోనే కూర్చుని, బ్యాటరీలతో నడిచే స్టీరియో రికార్డరుతో పట్టిన అసలు క్యాసెట్ల నుంచి నేరుగా తీసిన కాపీ ఇదని ఆయన చెబుతున్నారు. పెట్టె మీద బృందం పేరు తప్ప ఊరు గానీ తేదీ గానీ లేవు. ఒక మూల మాత్రం వేరే సిరాతో 78 అని రాసి, దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టారు.

మొదటి నుంచి చివరి దాకా విన్నాను. మొదటి పాట అప్పటికే నడుస్తుండగా రికార్డింగు మొదలవుతుంది. నలభై అయిదో నిమిషం దగ్గర, సాక్సఫోన్ పైస్థాయికి ఎక్కుతున్న సమయంలో టేపు అయిపోతుంది. రెండో వైపు మొదలయ్యేసరికి ఆ పాట చివరి చప్పట్లు వినిపిస్తున్నాయి. మైకుకు దగ్గరలో ఇద్దరు మిత్రులు బేస్ సోలో గురించి ఉత్సాహంగా మాట్లాడుకుంటున్నారు. బేస్ కొన్ని చోట్ల హాలంతా గుమగుమలాడి మిగతా వాద్యాలను కమ్మేస్తోంది. వీటన్నిటికంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతున్నది శ్రుతి: జి మేజరులో ఉండవలసిన 'బర్డ్‌ల్యాండ్' ఇందులో జి-కీ జి-షార్ప్‌కీ మధ్య ఎక్కడో పలుకుతోంది.

శ్రుతిని ఎంత దించాలో దేన్నిబట్టి నిర్ణయించాలి? టేపు హిస్‌నూ (వెనుక ఎడతెగకుండా వినిపించే 'స్స్' శబ్దం), ఆ మాటలనూ తీసివేయడం మంచిదా? ఇదే కాలానికి చెందిన అధికారిక లైవ్ రికార్డింగులు చక్కటి నాణ్యతతో దొరుకుతుండగా దీనిమీద ఇంత శ్రమ పెట్టడం సబబేనా?

సమాధానం 1

మీ మొదటి ప్రశ్నకు సమాధానం టేపులోనే దొరికే అవకాశం ఎక్కువ. అయితే దాన్ని వెతికే ముందు డెక్ దగ్గర చేయవలసిన పని ఒకటుంది. దాన్ని దాటవేస్తే తరువాత కంప్యూటరులో ఎంత కష్టపడినా ప్రయోజనం ఉండదు.

హెడ్లను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచిన తరువాత అజిమత్ సరిచూసుకోండి. టేపు మీద రాసి ఉన్న గీతల కోణమూ, మీ డెక్ హెడ్ సందు కోణమూ ఒకటి కాకపోతే పైస్థాయి శబ్దాలు మాసిపోతాయి. ఎడమ, కుడి చానళ్లను కలిపి మోనోగా వింటూ, అయస్కాంతం పట్టని స్క్రూడ్రైవరుతో హెడ్ పక్కన ఉండే చిన్న స్క్రూను నెమ్మదిగా తిప్పండి. రైడ్ సింబల్ మీద పుల్ల తగిలే టక్కు ఎక్కడ అన్నిటికంటే స్పష్టంగా వినిపిస్తుందో అక్కడ ఆపండి. క్యాసెట్ రెండు వైపులకూ దీన్ని విడివిడిగా చేయాలి, ఎందుకంటే తిప్పి పెట్టినప్పుడు టేపు నడిచే కోణం కొద్దిగా మారుతుంది. ఆ పెద్దాయన క్యాసెట్లలో టేపును హెడ్‌కు ఒత్తే చిన్న ప్యాడ్ ఊడిపోయి ఉంటే, టేపును కొత్త పెట్టెలోకి మార్చిన తరువాతే వాయించండి.

డాల్బీ (హిస్‌ను తగ్గించే పద్ధతి) సంగతి అజిమత్ తరువాతే చూసుకోవాలి. డాల్బీ బి పైస్థాయి శబ్దాల బలాన్నిబట్టి పనిచేస్తుంది కాబట్టి, హెడ్ కోణం తప్పుగా ఉన్నప్పుడు దాన్ని నొక్కితే ఉన్న కాస్త మెరుపు కూడా పోతుంది. ముందుగా డాల్బీ లేకుండా, 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో, గరిష్ఠ స్థాయికి బాగా దిగువనే ఉంచి పూర్తిగా తీసుకోండి. టేపు పెట్టెలో డాల్బీ గుర్తు ఉంటే, అది నొక్కి ఇంకోసారి తీసుకోండి. ఈ మొదటి ఫైళ్లను ఇక ముట్టుకోకండి. దిద్దుబాట్లన్నీ కాపీల మీదే చేయాలి.

ఇక శ్రుతి. రోడ్స్ ఎలక్ట్రిక్ పియానోను ఆధారంగా తీసుకోవచ్చని చాలామంది చెబుతారు, అది తప్పు కాదు. రోడ్స్‌లో సుత్తి లోహపు కడ్డీని కొడుతుంది కాబట్టి దాని శ్రుతి కచేరీ మధ్యలో అంత తేలికగా జారదు. బృందంలో కీబోర్డులు వాయించిన జో జావినుల్ వాడిన ఏఆర్‌పీ 2600 వంటి అనలాగ్ సింథసైజర్లు వేడికి కదిలిపోయే రకం. జాకో పాస్టోరియస్ వాయించినది ఫ్రెట్లు (స్వరస్థానాలను నిలిపే లోహపు మెట్లు) లేని బేస్ గిటారు. ఈ రెండింటినీ కొలబద్దగా పెట్టుకోవడానికి లేదు.

నేనైతే రోడ్స్ కంటే కరెంటు హమ్‌నే (కరెంటు వల్ల వచ్చే ఎడతెగని మోతనే) ఎక్కువ నమ్ముతాను. వేదిక మీది యాంప్లిఫయర్ల నుంచి వచ్చే హమ్ అమెరికాలో 60 హెర్ట్జ్, ఐరోపాలో 50 హెర్ట్జ్, లేదా వాటికి రెట్టింపుగా ఉంటుంది. బ్యాటరీతో నడిచే రికార్డరు తన వంతుగా హమ్ చేర్చదు కాబట్టి, టేపులో పడిన హమ్ వేదికదే అయితే అది ఆనాటి వేగాన్ని మీకు చెప్పేస్తుంది. 120 దగ్గర ఉండవలసిన గీత 122.4 దగ్గర కనిపిస్తే టేపు రెండు శాతం వేగంగా నడుస్తోందన్నమాట, అంటే దాదాపు 34 సెంట్లు హెచ్చు శ్రుతి (జి నుంచి జి-షార్ప్‌కు ఉన్న దూరం 100 సెంట్లు). వేగం రెండు మూడు శాతం అటూ ఇటూ అయినంత మాత్రాన 50, 60 ఒకదానిలా ఒకటి కనబడవు కనుక, కచేరీ ఏ ఖండంలో జరిగిందో కూడా ఇది సూచించవచ్చు. జపానులో తూర్పు భాగం 50, పడమటి భాగం 60 కాబట్టి అక్కడ కొంత జాగ్రత్త అవసరం.

దీన్ని వెతకడానికి అనువైన చోటు బేస్ సోలో. జాకో వాయించిన 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్‌లో ఉన్నవి సింగిల్ కాయిల్ పికప్‌లు, అంటే తీగల కదలికను పట్టే ఒకే చుట్ట పరికరాలు; ఇవి హమ్‌ను కూడా పట్టేస్తాయి. రెండింటినీ సమానంగా తెరిచి ఉంచితే హమ్ చాలావరకు రద్దవుతుంది. ఆయన ఎక్కువగా బ్రిడ్జి వైపు పికప్ మీదే ఆధారపడేవారు కాబట్టి, మిగతావారు వేదిక దిగి ఆయన ఒక్కరే ఉన్నప్పుడు స్వరానికీ స్వరానికీ మధ్య ఆ హమ్ బయటపడుతుంది. ఫైలును తక్కువ శాంప్లింగు రేటుకు మార్చుకుని, విండో పరిమాణం 65536 గానీ అంతకంటే ఎక్కువ గానీ పెట్టి స్పెక్ట్రోగ్రామ్ (ఏ సమయంలో ఏ హెర్ట్జ్ శబ్దం ఉందో చూపే చిత్రం) తీయండి. విండో చిన్నదైతే ఒక హెర్ట్జ్ తేడా మీకు కనిపించదు.

సమాధానం 2

సాంకేతిక విషయాలు పై మిత్రులు చెప్పారు కాబట్టి నేను సంవత్సరం గురించీ, విలువ గురించీ రాస్తాను.

ఆ 78ని నిర్ధారించుకోవడానికి ముందు తాళవాద్యాలను లెక్కపెట్టండి. 1977లో 'హెవీ వెదర్' ఆల్బం వచ్చిన కాలంలో అలెక్స్ అకునా డ్రమ్స్ మీద, మనోలో బద్రేనా ఇతర తాళవాద్యాల మీద ఉండేవారు. 1978లో పీటర్ ఎర్‌స్కిన్ చేరిన తరువాత జావినుల్, వేన్ షార్టర్, పాస్టోరియస్, ఎర్‌స్కిన్ నలుగురే కచేరీలు చేశారు. 1980లో రాబర్ట్ థామస్ జూనియర్ చేతి డ్రమ్ములతో చేరారు. కాబట్టి కాంగాలు గానీ, చేతితో వాయించే ఇతర డ్రమ్ములు గానీ కచేరీ పొడవునా వినిపిస్తే మీ టేపు 1978ది కాకపోవచ్చు. అలాగని ఎక్కడో ఒకచోట గిలక చప్పుడో గంట చప్పుడో విని తొందరపడకండి. నలుగురే ఉన్నప్పుడు ఎవరికి చేయి ఖాళీగా ఉంటే వారు ఏదో ఒకటి మోగించేవారు. బేస్ సోలోలో ఒక చిన్న పలుకు అదే పనిగా తిరుగుతూ, దానిమీద ఇంకో వాదన నడుస్తూ ఉంటే, అది డిజిటల్ డిలే యంత్రంతో జాకో కట్టిన లూప్. 1979లో వచ్చిన లైవ్ ఆల్బం '8:30'లోని సోలోలో మీరు అదే పద్ధతి వింటారు.

విలువ విషయానికి వస్తే, అధికారిక రికార్డింగులు ఉన్నాయన్న కారణంతో ఈ టేపును పక్కన పెట్టకూడదన్నది నా అభిప్రాయం. '8:30' ఎంపిక చేసి కూర్చిన ఆల్బం. పైగా రెండు ఎల్పీల ఆ ఆల్బంలో నాలుగో వైపు స్టూడియోలో చేసినది. ఎర్‌స్కిన్ స్వయంగా నిర్మాతల్లో ఒకరై 2015లో వెలువరించిన నాలుగు సీడీల పెట్టె 1978 నుంచి 1981 వరకు జరిగిన వేర్వేరు కచేరీల నుంచి ఏరిన భాగాలే. ఆనాడు వేదిక మీద ఉన్న మనిషే అన్నేళ్ల తరువాత పాత టేపులను వెతికించి ప్రచురించారంటే, ఈ బృందం రాత్రికొక రకంగా వాయించేదని ఆయనకు తెలియబట్టే. మీ దగ్గర ఉన్నది, లోపాలతోనే అయినా, ఒకే రాత్రి జరిగిన కచేరీ. ఒక పాట నుంచి మరో పాటకు వారు ఎలా దాటారో, మెల్లని యుగళం తరువాత హాలు ఎంతసేపు నిశ్శబ్దంగా ఉందో, ఏ సోలో సాగి ఏది తెగిందో ఏరి కూర్చిన ఆల్బంలో తెలియదు.

అభిమాని రికార్డింగులో అభిమాని ఇష్టాయిష్టాలు కూడా పడతాయి, అది వేరే సంగతి. 1947, 48 ప్రాంతాల్లో డీన్ బెనెడెట్టి అనే అభిమాని జాజ్ సాక్సఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్‌ను క్లబ్బుల్లో రికార్డు చేసినప్పుడు పార్కర్ సోలోలు పట్టి, ఇతరులు వాయించేటప్పుడు చాలాచోట్ల యంత్రాన్ని ఆపేసేవారు. 1990లో మొజాయిక్ సంస్థ వాటిని ఏడు సీడీలుగా ప్రచురించింది; ముక్కలు ముక్కలుగా ఉన్న ఆ శబ్దాన్ని జాజ్ విద్యార్థులు ఈనాటికీ వింటున్నారు. దానితో పోలిస్తే మీ అభిమాని చాలా నయం, టేపు అయిపోయినప్పుడు తప్ప ఆపలేదు.

సమాధానం 3

పై ఇద్దరితోనూ చాలావరకు ఏకీభవిస్తున్నాను గానీ, శుభ్రం చేయడం గురించి ఎవరూ సూటిగా చెప్పలేదు.

హిస్‌ను తీసివేయవద్దు. హిస్ ఉండే పైస్థాయిలోనే సింబల్ మోత ఆరిపోయే తోక, హాలు గోడల నుంచి తిరిగి వచ్చే సన్నని ప్రతిధ్వని కూడా ఉంటాయి. శబ్దాన్ని తగ్గించే సాఫ్ట్‌వేర్‌కు ఈ రెండింటికీ తేడా నిక్కచ్చిగా తెలియదు. మెల్లని భాగాల్లో అది హిస్‌తోపాటు ఈ తోకలను కూడా కొరికేసి, వాటి స్థానంలో నీటి బుడగల వంటి ఒక విచిత్రమైన చప్పుడు మిగులుస్తుంది. మారని హిస్‌కు చెవి కొద్ది నిమిషాల్లో అలవాటు పడుతుంది. వచ్చిపోయే ఆ బుడగల చప్పుడుకు మాత్రం అలవాటు పడదు.

బేస్ గుమగుమ విషయంలో నేను ఇంత కఠినంగా ఉండను. అది చాలావరకు ఆ హాలు, ఆ సీటు కలిసి చేసిన పని. ఏదో ఒక ఇరుకైన పట్టీలో, సాధారణంగా 80 నుంచి 150 హెర్ట్జ్ మధ్య, మూడు నాలుగు డెసిబెల్లు తగ్గిస్తే డ్రమ్స్, రోడ్స్ ఊపిరి పీల్చుకుంటాయి. వినడానికి చేసుకునే కాపీలో ఇది తప్పేమీ కాదు. భద్రపరిచే కాపీలో మాత్రం యంత్రం వల్ల వచ్చిన దోషాలను, అంటే వేగం, హెడ్ కోణం వంటివాటినే దిద్ది, హాలు వల్ల వచ్చినదాన్ని అలాగే ఉంచాలి. మాటలు కూడా ఈ రెండో కోవలోకే వస్తాయి. బేస్ సోలో గురించి ఉత్సాహంగా మాట్లాడుకుంటున్నారని మీరే రాశారు. ఆ సోలో ఆనాటి శ్రోతలకు ఎలా తగిలిందో చెప్పే సాక్ష్యాన్ని మీరే ఎందుకు చెరిపేయాలి?

సౌండ్‌బోర్డు టేపు (హాలు శబ్దాన్ని నియంత్రించే మిక్సింగ్ బోర్డు నుంచి నేరుగా తీసినది) ఉంటే ఆడియన్స్ టేపు (శ్రోతల మధ్య నుంచి పట్టినది) అక్కరలేదన్న మాట కూడా తరచుగా వింటుంటాం. ఫ్యూజన్ విషయంలో అది అన్ని వేళలా నిజం కాదు. బోర్డు గుండా వెళ్లేది హాలుకు వినిపించడానికి అదనంగా పెంచవలసిన శబ్దం మాత్రమే. చిన్న హాల్లో గిటారు యాంప్లిఫయరూ, డ్రమ్సూ స్వయంగానే దద్దరిల్లిపోతుంటే ఇంజనీరు వాటిని బోర్డులో తగ్గించి ఉంచుతాడు. అందువల్ల సౌండ్‌బోర్డు టేపులో కీబోర్డులు ముఖం మీద, డ్రమ్స్ ఎక్కడో వెనుక గదిలో ఉన్నట్టు వినిపించడం మామూలే. జాకో వేదిక మీద అకూస్టిక్ 360 యాంప్లిఫయర్లతో గాలిని ఎలా కదిలించారో తెలుసుకోవాలంటే ఆ గాలి తగిలిన చోట మైకు ఉండాలి.

ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ ధన్యవాదాలు. అజిమత్ సరిచేసిన తరువాత ఇదే క్యాసెట్ అంటే నమ్మబుద్ధి కాలేదు, సింబల్స్ తెర తీసినట్టుగా ముందుకు వచ్చాయి. డ్రమ్స్ తప్ప నిలకడగా సాగే వేరే తాళవాద్యమేదీ వినిపించడం లేదు. సోలోలో ఆ తిరిగే లూప్ కూడా ఉంది.

హమ్ దగ్గరే చిక్కు వచ్చింది. 121.2 హెర్ట్జ్ దగ్గర ఒక స్పష్టమైన గీత రెండు క్యాసెట్లలోనూ మొదటి నుంచి చివరి దాకా తిన్నగా ఉంది. కానీ దాని ప్రకారం ఒక్క శాతమే దించితే 'బర్డ్‌ల్యాండ్' ఇంకా హెచ్చుగానే ఉంటోంది. పైగా రికార్డరును ఆపిన తరువాత వచ్చే ఖాళీ భాగంలో కూడా ఆ గీత కొనసాగుతోంది.

సమాధానం 1 ఇచ్చినవారు

రికార్డరు ఆగిన తరువాత కూడా కొనసాగే హమ్ కచేరీది కాదు. అది అసలు క్యాసెట్ నుంచి ఈ కాపీ తీసినప్పుడు, గోడ ప్లగ్గు నుంచి నడిచిన డెక్కుల మధ్య చేరినది. అది తిన్నగా ఉండడం సహజమే. కాపీ 60 హెర్ట్జ్ కరెంటు ఉన్న చోట తీశారనీ, కాపీ రాసిన డెక్‌కూ మీ డెక్‌కూ మధ్య ఒక శాతం తేడా ఉందనీ మాత్రమే అది చెబుతుంది. కచేరీ ఎక్కడ జరిగిందో చెప్పడానికి అది పనికిరాదు.

ఆ గీతకు కొంచెం పైన, ఇంకా సన్నగా మరో గీత ఉందేమో బేస్ సోలో భాగంలో చూడండి. అది తిన్నగా కాకుండా కచేరీ సాగేకొద్దీ నెమ్మదిగా పైకి పాకుతూ ఉండాలి. కారణం బ్యాటరీలు. వాటి బలం తగ్గేకొద్దీ రికార్డరు మోటారు నెమ్మదిస్తుంది. నెమ్మదిగా రాసిన టేపును మామూలు వేగంతో వాయిస్తే శ్రుతి హెచ్చుతుంది. మొదటి క్యాసెట్ ఆరంభంలో ఆ రెండో గీత 122.4 దగ్గర, రెండో క్యాసెట్ చివరలో 124.2 దగ్గర ఉందనుకోండి, అప్పుడు మొత్తం దోషం రెండు శాతంతో మొదలై మూడున్నర శాతానికి చేరినట్టు. మూడున్నర శాతమంటే దాదాపు 60 సెంట్లు, అంటే జి-కీ జి-షార్ప్‌కీ మధ్య మీరు విన్న ఆ చోటుకు దగ్గరే. ఆ గీత 100కు దగ్గరగా కనిపిస్తే కచేరీ 50 హెర్ట్జ్ చోట జరిగినట్టు. లెక్క మాత్రం అదే.

దీనివల్ల మొత్తం ఫైలుకు ఒకే అంకె వేసి దించడం కుదరదు. ప్రతి అయిదు నిమిషాలకు ఒక బిందువు పెట్టుకుని, వాటి మధ్య వేగం క్రమంగా మారేలా గీసుకోండి. రెండో క్యాసెట్ ఆరంభంలో శ్రుతి హఠాత్తుగా కిందికి దిగితే, ఆ అభిమాని విరామంలో బ్యాటరీలు మార్చాడని అర్థం. అక్కడ కొత్తగా మొదలుపెట్టాలి. రెండో గీత ఎంత వెతికినా కనిపించకపోతే రోడ్స్ ఒంటరిగా మోగే స్వరాలను అదే పద్ధతిలో కొలవండి. మార్చేటప్పుడు పాటల నిడివిని అలాగే ఉంచి శ్రుతిని మాత్రమే దించే సాధనాన్ని వాడకండి. ఇక్కడ తప్పింది టేపు వేగం కాబట్టి నిడివి, శ్రుతి రెండూ కలిసే మారాలి.

టేపు తిప్పిన చోట పోయిన నిమిషాలను '8:30' నుంచి తెచ్చి అతికించాలన్న ఆలోచన ఎవరైనా చెబితే వినకండి. అక్కడ చిన్నగా శబ్దాన్ని దించి, మళ్లీ ఎత్తితే చాలు.

సమాధానం 4

ఇతరులతో పంచుకోవడం గురించి మీరు అడగలేదు గానీ, ఫైలు తయారైన మరునాడే ఆ ప్రశ్న వస్తుంది కాబట్టి చెబుతున్నాను. టేపు ఆ పెద్దాయనదైనా, దానిలోని సంగీతం మీద హక్కు ఆయనది కాదు, మీది అంతకన్నా కాదు. కచేరీని కళాకారుల అనుమతి లేకుండా రికార్డు చేయడం, ఆ కాపీలను అమ్మడం అమెరికాలో 1994 నుంచి కేంద్ర చట్టం కిందకు వస్తాయి. చాలా దేశాల్లో కళాకారులకు తమ ప్రదర్శన మీద ఇటువంటి హక్కే ఉంది. డబ్బు తీసుకోకుండా ఇచ్చినంత మాత్రాన చట్టబద్ధం అయిపోదు, అభిమానులు పాటించే మర్యాద మాత్రమే అవుతుంది. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ రాక్ బృందం 1984లో రికార్డు చేసుకునేవారికి హాల్లో ప్రత్యేకంగా చోటు కేటాయించింది. అది ఆ బృందం ఇచ్చిన అనుమతి. దాన్ని వెదర్ రిపోర్ట్‌కు వర్తింపజేయలేం.

2015 నాటి ఆ పెట్టె చూస్తే, ఈ సంగీతాన్ని చూసుకుంటున్నవారు పాత టేపుల పట్ల ఆసక్తి లేనివారేమీ కాదని తెలుస్తోంది. ముట్టుకోని ఆ మొదటి ఫైళ్లు పూర్తయ్యాక ముందుగా వారికి తెలియజేయడమే నా సలహా. అప్పుడు వారు అడిగేవి ఇవే: రికార్డు చేసిన యంత్రం ఏది, ఇది ఎన్నో తరం కాపీ, డాల్బీ ఉందా లేదా, వేగాన్ని ఎక్కడ ఎంత మార్చారు. ఆ పెద్దాయనకు జ్ఞాపకం ఉన్నంతవరకు ఇప్పుడే అడిగి, ఒక టెక్స్ట్ ఫైలులో రాసి ఆడియో ఫైళ్లతోపాటే ఉంచండి. 78 పక్కన ఉన్న ఆ ప్రశ్నార్థకాన్ని కూడా ఉన్నది ఉన్నట్టుగానే రాయండి.